గురువు విలువ చెప్పిన మలయ్ కవిత

మనకు సెప్టెంబరు 5 ఎలాగో, మలేషియా వాళ్లకు మే 16 అలాగ. ఆ రోజు ఇక్కడ ఉపాధ్యాయ దినోత్సవం. 'హరి గురు' అంటారు. మలయ్ భాషలో 'హరి' అంటే రోజు. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఈ మాట విని విష్ణుమూర్తి పండగేమో అనుకుంటారు! పండగ లాంటిదే మరి. బళ్లలో పిల్లలు టీచర్లకు పూలు ఇస్తారు, పాటలు పాడతారు, ఆటలు ఆడిస్తారు.

ఈ తేదీకి ఒక కథ ఉంది. 1956 మే 16న అప్పటి మలయా శాసన మండలి రజాక్ కమిటీ ఇచ్చిన విద్యా నివేదికను ఆమోదించింది. దేశానికి స్వాతంత్య్రం వచ్చింది 1957 ఆగస్టు 31న. అంటే జెండా ఎగరేయడానికి ఏడాది ముందే పిల్లల చదువుల సంగతి తేల్చుకున్నారన్న మాట. 1972 నుంచి ఆ తేదీనే గురువుల రోజుగా జరుపుకుంటున్నారు.

ఆ రోజు చాలా బళ్లలో ఒక కవిత వినిపిస్తుంది. పేరు 'గురు ఓ గురు'. ఉస్మాన్ అవాంగ్ అనే కవి 1979లో రాశారు. మనకు శ్రీశ్రీ పేరు ఎలాగో, ఇక్కడివాళ్లకు ఆయన పేరు అలాగ.

నేను ఇపోలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. చదివింది సివిల్ డిప్లొమా. మాది శ్రీకాకుళం జిల్లా. కవిత్వంతో నా పరిచయం టెన్త్ క్లాసు తెలుగు వాచకం దగ్గరే ఆగిపోయింది. అలాంటి నాకు మన భాష కాని భాషలో ఒక కవిత వింటే గొంతు పట్టేసింది. ఎందుకో మీతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

మిక్సర్ ఆపి విన్నాం

ఇపో చూడనివాళ్ల కోసం ఒక్క మాట. పేరాక్ రాష్ట్రానికి ఇది రాజధాని. ఊరి చుట్టూ సున్నపురాయి కొండలు. ఈ కింటా లోయ ఒకప్పుడు తగరం గనులకు ప్రపంచంలోనే పేరున్నది. 1985లో తగరం ధర పడిపోయాక గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పుడు బయటివాళ్లకు ఇపో అంటే వైట్ కాఫీ, పాత బ్రిటిష్ కట్టడాలు. మా బోటివాళ్లకు మాత్రం సైట్లు, కంటైనర్ గదులు, సాయంత్రం ఠంచనుగా వచ్చే వాన.

అప్పుడు మేం ఒక బడిలో పాత బ్లాకు పక్కన కొత్త గదులు కడుతున్నాం. ముందు రోజే పెద్ద టీచరమ్మ వచ్చి, రేపు పొద్దున గంటన్నర సేపు మిక్సర్, బ్రేకర్ ఆపగలరా అని అడిగారు. సరేనన్నాం. మర్నాడు పిల్లలంతా వరసల్లో కూర్చున్నారు. పన్నెండేళ్ల పిల్ల ఒకతి మైకు ముందుకొచ్చి, చేతిలో కాగితం కూడా లేకుండా కవిత చెప్పింది. మా కుర్రాళ్లు హెల్మెట్లు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నాకు వచ్చింది సైట్ మలయ్.. ఇసక, ఇటుక, ఇనుము, తొందరగా, రేపు రా.. అంతే. అయినా 'గురు' అన్న మాట వినపడినప్పుడల్లా ఏదో తెలిసినట్టే ఉంది.

మలయ్‌లో మనకు చుట్టరికం ఉన్న మాటలు బోలెడు. భాషను 'బహాసా' అంటారు. పుస్తకాన్ని 'పుస్తాకా' అంటారు. యూనివర్సిటీ కుర్రాడు 'సిస్వా', అంటే మన శిష్యుడే. హాస్టల్ పేరు 'అస్రామా', అంటే మన ఆశ్రమం. ప్రొఫెసర్‌ని 'మహాగురు' అంటారు. సంస్కృతం సముద్రం దాటి ఇక్కడికి వచ్చినప్పుడు చదువుకు సంబంధించిన మాటలే ఎక్కువ మోసుకొచ్చిందేమో అనిపిస్తుంది.

పిల్ల ముగించేసరికి టీచర్లలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకోవడం చూశా. అందులో ఏముందో తెలుసుకోవాలనిపించింది.

ఆ ఆదివారం లిటిల్ ఇండియా వైపు సరుకులకు వెళ్లినప్పుడు నాకు తెలిసిన ఓ పెద్దాయన కనిపించారు. ఇక్కడే పుట్టిన తెలుగాయన. వాళ్ల తాత రబ్బరు తోటల పనికి మన వైపు నుంచే వచ్చారట. ఆయనా టీచరుగా చేసి రిటైరయ్యారు. కాఫీ షాపులో కూర్చోబెట్టి కవిత మొత్తం తెలుగులో వివరించి చెప్పారు.

దాని సారం ఇదీ. దేశాన్ని ఏలేవాళ్లు, పండితులు, వకీళ్లు, రచయితలు.. ఎవరి కథను వెనక్కి తిప్పినా, మొదట్లో ఓపికగా రాయడం, చదవడం నేర్పిన ఒక మామూలు పంతులు కనిపిస్తాడు. ఆ పంతులు పట్నంలో ఉన్నా, హులు తెరెంగాను లాంటి మారుమూల ఉన్నా చేసే పని ఒక్కటే. గొప్పవాళ్ల పేర్లు మారుతుంటాయి గానీ, పంతుల్ని పిలిచే పిలుపు మారదు. ఇక్కడ టీచర్ని 'చిక్‌గు' అని పిలుస్తారు. "నేను రిటైరై ఇన్నేళ్లయింది బాబూ.. బజారులో కూరగాయలమ్మే అతను ఇప్పటికీ నన్ను చిక్‌గు అనే అంటాడు. నా అసలు పేరు వాడికి తెలీదు" అన్నారు పెద్దాయన.

ఆరో తరగతితో ఆగిన కవి

కవిత కంటే ఎక్కువగా నన్ను కదిలించింది ఆ కవి కథ. ఉస్మాన్ అవాంగ్ 1929లో జొహోర్ రాష్ట్రంలో, కోట తింగి ప్రాంతంలో సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టారు. పేద కుటుంబం. మలయ్ బడిలో ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. జపాన్ వాళ్లు ఈ దేశాన్ని పట్టుకున్న రోజుల్లో కుర్రాడిగా ఉండగానే సింగపూర్ తీసుకెళ్లి బలవంతంగా కూలి పని చేయించారు. యుద్ధం అయ్యాక పోలీసుగా చేశారు. ఆ తర్వాత పత్రికల్లోకి, అక్కడి నుంచి ప్రభుత్వ భాషా పుస్తక సంస్థ 'దేవాన్ బహాసా దాన్ పుస్తాకా'లోకి వెళ్లారు. 1983లో దేశం ఆయనకు 'సస్తెరావన్ నెగారా' బిరుదిచ్చింది. జాతీయ సాహితీవేత్త అని అర్థం. 2001లో కన్నుమూశారు.

చూడండి.. గురువు గొప్పతనాన్ని అంత బాగా చెప్పినాయన పెద్ద పెద్ద చదువులు చదివినవాడు కాదు. ఆరో తరగతి దగ్గరే బడి తలుపు మూసుకుపోయినవాడు, కూలి పని రుచి ఎరిగినవాడు. నాకనిపించింది.. గురువు విలువ గురువు దొరికినవాడికంటే, దొరకనివాడికే బాగా తెలుస్తుందని.

అలా అనిపించడానికి కారణం మా గదిలోనే ఉంది.

మావయ్య వేలిముద్ర

మా సైట్‌లో రాడ్ బెండింగ్ చేసే పెద్దాయన ఒకరున్నారు. వయసు యాభై దాటింది. మా జిల్లా మనిషే. అందరం మావయ్యా అనే పిలుస్తాం. ఊళ్లో బడి ఉన్నా చిన్నప్పుడు పశువుల వెంట పంపారు. అక్షరం ముక్క రాదు. పని మాత్రం చేతిలో ఉంది. డ్రాయింగ్ చూడలేడు గానీ, ఒకసారి చూపిస్తే రింగుల ఎడం ఎక్కడా తప్పడు.

ఆయన అంతకు ముందు ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర చేశారు. రెండు నెలల ఓవర్‌టైమ్ డబ్బు అక్కడ ఆగిపోయింది. ఏప్రిల్‌లో ఆ కాంట్రాక్టర్ మనిషి ఒక కాగితం పట్టుకుని గదికొచ్చాడు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యి, డబ్బులు వచ్చేస్తాయి" అన్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. మావయ్య ఇంకు ప్యాడ్ మీద వేలు కూడా పెట్టేశారు. అదే గదిలో ఉండే షట్టరింగ్ కుర్రాడు ఒకడు, ఇంటర్ చదివి వచ్చినవాడు, "ఒక్క నిమిషం మావయ్యా" అని కాగితం తీసుకుని చదివాడు. అందులో ఏముందో తెలుసా? నాకు రావలసిన జీతం, ఓవర్‌టైమ్ మొత్తం ముట్టింది, ఇక ఏ బాకీ లేదు అని!

మావయ్య వేలు తుడిచేసుకున్నారు. వచ్చినవాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. తర్వాత లెక్క కాగితాలు తెప్పించి, కూర్చుని తేల్చాం. రెండు విడతలుగా డబ్బు వచ్చాకే ముద్ర పడింది. ఊళ్లో కూతురు పెళ్లికి చేసిన అప్పులో కొంత ఆ డబ్బుతోనే తీరింది. ఆ కుర్రాడు చదివింది మహా అయితే ఆరు లైన్లు. కానీ ఆ ఆరు లైన్లు చదవగలగడానికి వెనక, పాతికేళ్లు చాక్‌పీసు పొడి మింగిన పల్లెటూరి టీచరు ఎవరో ఉన్నారు కదా!

మర్నాడు సాయంత్రం మావయ్యే అడిగారు. "బాబూ, నాకూ నాలుగచ్చరాలు సెప్తావేటి?" అని.

అలా మొదలైంది మా గదిలో బడి. వాడేసిన షట్టరింగ్ ప్లైవుడ్ ముక్కే బోర్డు. మార్కింగ్ చాక్‌పీసే బలపం. అన్నాలు తిన్నాక అరగంట. ఆరుగురు విద్యార్థులు.. ముగ్గురు మనవాళ్లు, ఒక ఒడిశా అతను, ఒక తమిళుడు, ఒక బంగ్లాదేశీ. ఎవరి భాష వాళ్లది. మాస్టారు మాత్రం ఒక్కడే, పాతికేళ్ల కుర్రాడు.

వాడు 'అ ఆ'లతో మొదలుపెట్టలేదు. ముందు ఎవరి పేరు వాళ్లకు రాయడం నేర్పాడు. తర్వాత ఒకటి నుంచి పది దాకా అంకెలు. తర్వాత తేదీ, జీతం చీటీలో మొత్తం ఎక్కడుంటుందో. ఆ తర్వాత సైట్ బోర్డు మీద మాటలు రెండు.. 'అవాస్', అంటే జాగ్రత్త. 'బహాయా', అంటే ప్రమాదం. ఇది మన 'భయ'మే! సైట్‌లోకి రావాలంటే అందరూ గ్రీన్ కార్డు అని పిలిచే సీఐడీబీ కార్డు ఉండాలి. దానికి ముందు ఒక రోజు సేఫ్టీ క్లాసు ఉంటుంది. మావయ్య ఆ క్లాసు విన్నారు, కార్డు తెచ్చుకున్నారు. కానీ బోర్డు మీదున్న గీతలే 'బహాయా' అని మాత్రం మా ప్లైవుడ్ బడిలోనే తెలిసింది.

మూడో వారంలో తన పేరు ఎవరి సాయం లేకుండా రాశారు. కాసేపు దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయారు. "యాభై రెండేళ్లొచ్చినాక నా పేరు ఎలాగుంటాదో ఇప్పుడు సూసినాను" అన్నారు. గదిలో ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే బడిలో ఆ కవిత విన్నాను. ఇప్పుడు చెప్పండి, గొంతు పట్టదా?

పెద్దాయన దగ్గర అర్థం తెలుసుకున్న రాత్రి గదిలో అందరికీ చెప్పాను. ఆ షట్టరింగ్ కుర్రాడు సిగ్గుపడి తల దించేసుకున్నాడు. మావయ్య లేచి వెళ్లి కిందనున్న షాపులోంచి వైట్ కాఫీ ఒకటి తన డబ్బుతో తెచ్చి వాడి ముందు పెట్టారు. "తాగండి గురువుగారూ" అన్నారు. అప్పటిదాకా వాడిని 'ఒరే' అనేవారు. నవ్వులాటకి అన్నారేమో అనుకున్నాం. కాదు, అప్పటి నుంచి అదే పిలుపు.

పాస్‌పోర్టు చెప్పే మాట

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు, మనకు ఈసీఆర్ అంటే తెలియనిది కాదు. 1983 నాటి మన వలస చట్టం కింద, పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కిందకి వస్తుంది. అలాంటివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ 18లో గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా కూడా ఉంది. చదువు రానివాళ్లు మోసపోకుండా పెట్టిన కాపలా అది. మంచిదే.

కానీ ఇంకో వైపు నుంచి చూడండి. మన చదువు ఎక్కడ ఆగిందో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. టెన్త్ దాటించిన టీచరు ఎవరికి దొరికారో, ఎవరికి దొరకలేదో అందులోనే ఉంది. గురువు విలువ సభల్లో శాలువా కప్పితేనే తెలుస్తుందనుకుంటాం. ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర కూడా తెలుస్తుంది!

తాడుతో నేర్పిన లెక్క

నా సంగతికొస్తే, నాకు దొరికారు. మా ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు ఒకరోజు మమ్మల్ని క్లాసులోంచి గ్రౌండ్‌లోకి తీసుకెళ్లారు. తాడును పన్నెండు సమాన భాగాలు వచ్చేలా ముడులు వేసి, రెండు కొసలు కలిపారు. ముగ్గురిని మూడు మూలల్లో నిలబెట్టి, ఒక పక్క మూడు భాగాలు, ఒక పక్క నాలుగు, ఒక పక్క ఐదు వచ్చేలా లాగి పట్టుకోమన్నారు. "ఇదిగో, ఈ మూల చూడండి. కచ్చితంగా మూలమట్టం. ఏ పనిముట్టూ అక్కర్లేదు" అన్నారు.

ఇవాళ ఇపోలో ఏ బిల్డింగ్ మార్కింగ్ చేసినా నేను చేసేది అదే. ఒక పక్క 3 మీటర్లు, ఇంకో పక్క 4 మీటర్లు, ఐమూల 5 మీటర్లు. ఒక సెంటీమీటరు తేడా వచ్చినా మళ్లీ కొలుస్తాం. పాలిటెక్నిక్‌లో ఇంకో సారు రాడ్ల బరువు లెక్క బుర్రకెక్కించారు. రాడ్ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కేజీలో వస్తుంది. 16 మిల్లీమీటర్ల రాడ్ మీటరుకు 1.58 కేజీలు. లారీ దిగిన ఇనుము తూకం సరిగ్గా ఉందో లేదో ఆ లెక్కతోనే పట్టేస్తాను. నేను తినే అన్నంలో సగం ఆ రెండు లెక్కలదే.

లెక్కల మాస్టారు రిటైరై ఊళ్లోనే ఉన్నారు. సెప్టెంబరు 5న ఫోన్ చేస్తుంటా. మొన్న ఈ కవిత సంగతి చెప్పాను. అంతా విని, "అది సరే గానీ, నువ్వు కట్టే గదుల మూలలు సరిగ్గా వస్తున్నాయా?" అన్నారు. మాస్టారు మాస్టారే!

తోటల్లో బడులు

కాఫీ షాపు పెద్దాయన ఇంకో విషయం చెప్పారు. బ్రిటిష్ కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల్లోకి మనవాళ్లను తెచ్చారు. ఈ పేరాక్ రాష్ట్రంలోనే బాగన్ డాటోక్ వైపు తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డారు. 1923 నాటి కార్మిక చట్టం ప్రకారం, బడి ఈడు పిల్లలు పదిమంది గానీ, అంతకు మించి గానీ ఉన్న తోటలో బడి పెట్టాలి. పెట్టారు. కానీ పంతులెవరు? చాలా చోట్ల తోట గుమస్తానో, కంగాణీయో పని అయ్యాక పిల్లల్ని పోగేసి నాలుగక్షరాలు చెప్పేవాడట. అవే తమిళ బడులు, కొన్ని చోట్ల తెలుగు బడులు.

తమిళ బడులు నేటికీ నడుస్తున్నాయి. తెలుగు బడులు కాలక్రమంలో మూతపడ్డాయి. 1955లో పుట్టిన ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు తెలుగు క్లాసులు నడుపుతున్నారు. "మా నాయినకి తోటలో తెలుగు పంతులు దొరికాడు. ఆయన వల్లే నేను నీతో ఇలా మాట్లాడుతున్నాను" అన్నారు పెద్దాయన. ఒక గుమస్తా సాయంత్రం పూట చెప్పిన నాలుగక్షరాలు మూడు తరాలు నిలబడ్డాయి!

ఆ మాట వింటుంటే మా జిల్లావాడే అయిన గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఆయన బడిపంతులు. కొండల్లోని సవరలకు చదువు చెప్పేవాళ్లు లేరని, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. శిష్యుడి భాష గురువు నేర్చుకోవడమంటే మాటలా? మా ప్లైవుడ్ బడిలో కుర్రాడు బంగ్లాదేశీకి అంకెలు చెప్పడానికి 'ఏక్, దుయి, తిన్' అని వాడి భాషలో ముందు తను నేర్చుకున్నాడు. గిడుగు వారి సంగతి వాడికి తెలీదు. దారి మాత్రం అదే.

మన వంతు

మిత్రులారా! మీరు దుబాయ్‌లో ఉన్నా, దోహాలో ఉన్నా, ఇక్కడే జొహోర్‌లో ఉన్నా, మీ గదిలో ఇలాంటి మావయ్య ఒకరు ఉండే ఉంటారు. ఇంటి నుంచి మెసేజ్ వస్తే పక్కవాడి చేత చదివించుకుంటాడు. జీతం చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాడు గానీ, అందులో ఏముందో అడగడానికి మొహమాటపడతాడు. మలేషియాలో 2025 ఫిబ్రవరి నుంచి కనీస వేతనం నెలకు 1,700 రింగిట్లు అయింది. ఆ అంకె తన చీటీలో ఉందో లేదో చూసుకోవడం వాడికి రావాలి కదా.

మీరు పెద్ద చదువు చదవక్కర్లేదు. టెన్త్ చదివినా చాలు. రోజుకు అరగంట. ముందు తన పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటి ఫోన్ నంబరు, అంకెలు, తేదీ. ఆ తర్వాత మీరున్న దేశం భాషలో 'ప్రమాదం' అన్న మాట ఎలా ఉంటుందో. కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఎవరి చేతనైనా చదివించుకోవాలన్న అలవాటు. ఇంతవరకు వస్తే, మిగతాది వాళ్లే నేర్చుకుంటారు.

మీకు చదువు చెప్పిన మాస్టారు బతికి ఉంటే, ఈ ఆదివారం ఒక ఫోన్ కొట్టండి. లేకపోతే, ఆయన మీకు నేర్పినదాన్ని పక్క మంచం మీద మనిషికి నేర్పండి. మా గదిలో ఇప్పుడు ఎనిమిది మంది అయ్యారు. ప్లైవుడ్ ముక్క చాలడం లేదు. ఇంకొంచెం పెద్దది చూసి పెట్టమని మా గురువుగారు నిన్ననే అడిగాడు.